రేర్ ఎర్త్ లేని అయస్కాంతాలకు హీట్ ట్రీట్‌మెంట్: అల్నికో నుంచి మాంగనీస్-అల్యూమినియం దాకా

2025 ఏప్రిల్‌లో చైనా సమారియం, టెర్బియం, డిస్ప్రోసియం సహా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి చెన్నైలో మోటారు పార్టులు, సెన్సర్లు చేసేవాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే ప్రశ్న: రేర్ ఎర్త్ లేకుండా మాగ్నెట్ చెయ్యలేమా? చెయ్యొచ్చు. ఆ పని తొంభై ఏళ్ళ కిందటే మొదలైంది. జపాన్‌లో మిషిమా 1931లో ఇనుము, నికెల్, అల్యూమినియం కలిపి చేసిన మిశ్రమమే అల్నికో కుటుంబానికి మూలం.

అడిగినవాళ్ళకు ముందే చెప్పేస్తాను: వీటిని రేర్ ఎర్త్ రకమైన నియోడిమియం మాగ్నెట్‌కు సాటి అనుకోవద్దు. మంచి నియోడిమియం మాగ్నెట్ శక్తి 30 నుంచి 50 మెగా గాస్ ఓర్‌స్టెడ్‌ల దాకా ఉంటే, మామూలు అల్నికో 5 సుమారు 5.5 దగ్గర ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ మోటార్లో ఒకటి తీసి ఇంకొకటి పెడితే పని జరగదు. కానీ వేడిలో కథ తిరగబడుతుంది. అల్నికో 500 డిగ్రీల దగ్గర కూడా నిలబడుతుంది. నియోడిమియం మాగ్నెట్ 310 డిగ్రీల చుట్టుపక్కలే అయస్కాంతత్వం పూర్తిగా పోగొట్టుకుంటుంది. పాత కరెంటు మీటర్లో తిరిగే అల్యూమినియం పళ్ళేనికి బ్రేకు వేసే మాగ్నెట్, గిటార్ పికప్, వేడి చోట్ల పెట్టే సెన్సర్ వంటివి అల్నికో సొంత జాగాలు.

ఈ గైడ్ అంబత్తూరు, గిండీ లాంటి చోట్ల చిన్న హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్ నడిపేవాళ్ళకూ, మెటలర్జీ చదివి ఫర్నేస్ దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలకూ. స్టీలు మీద చెయ్యి తిరిగినవాళ్ళు ముందు ఒక అలవాటు వదులుకోవాలి. స్టీలులో గట్టిదనం తక్కువ వచ్చిందంటే టెంపరింగ్ (తక్కువ వేడిలో మళ్ళీ కాచడం) మార్చి ఎలాగో నెట్టుకొస్తాం. ఇక్కడ కాంపోజిషన్ రిపోర్టు అక్షరాలా సరిపోయినా, చల్లార్చడంలో తేడా వస్తే చేతికొచ్చేది ధర ఎక్కువ పలికే మామూలు లోహపు ముక్కే.

లోపల జరిగేది ఏమిటి

అల్నికో 5లో సుమారు 8 శాతం అల్యూమినియం, 14 శాతం నికెల్, 24 శాతం కోబాల్ట్, 3 శాతం రాగి ఉంటాయి, మిగతాది ఇనుము. 1250 డిగ్రీల పైన ఇవన్నీ కలిసిపోయి ఒకే ఆల్ఫా దశగా ఉంటాయి (దశ అంటే లోహంలో ఒకే రకం నిర్మాణమున్న భాగం). కిందికి చల్లారుతూ 850 దగ్గరికి వచ్చేసరికి ఆ దశ రెండుగా విడిపోవడం మొదలవుతుంది. ఇనుము-కోబాల్ట్ ఎక్కువున్న భాగం బలమైన అయస్కాంతం. నికెల్-అల్యూమినియం ఎక్కువున్న భాగం దాదాపు నిస్తేజం. దీన్ని స్పినోడల్ విభజన అంటారు. మొదటి రకం సన్నటి కడ్డీల్లా పెరుగుతుంది, మందం కొన్ని పదుల నానోమీటర్లు. రెండోది ఆ కడ్డీల మధ్య మాతృకగా మిగులుతుంది.

సన్నటి పొడుగాటి కడ్డీలో అయస్కాంత దిశ పొడవునా ఉండటానికే ఇష్టపడుతుంది, అడ్డంగా తిప్పాలంటే ఎదురు తిరుగుతుంది. అల్నికో కోయర్సివిటీ, అంటే ఎదురు క్షేత్రానికి లొంగకుండా నిలిచే పట్టు, అంతా ఈ ఆకారం వల్ల వచ్చిందే. నియోడిమియంలో స్ఫటిక నిర్మాణమే ఆ పట్టు ఇస్తుంది, ఇక్కడ ఆ సాయం లేదు. అందుకే కడ్డీలు ఎంత సన్నగా, ఎంత తిన్నగా, ఎంత విడివిడిగా ఏర్పడ్డాయన్నదే మాగ్నెట్ నాణ్యత. ఆ మూడింటినీ నిర్ణయించేది మీ ఫర్నేసే.

మొదటి మెట్టు: ఫర్నేస్‌నూ, పోతనూ సిద్ధం చేసుకోవడం

పోతలో కార్బన్ ఎంత తక్కువుంటే అంత మంచిది, 0.03 శాతం లోపు ఉంచండి. కార్బన్ గామా అనే పనికిరాని దశను పిలుచుకొస్తుంది. గ్రాఫైట్ మూసలో కరిగించి పంపిన పోతలు తీసుకోకండి. ధర తక్కువని తీసుకుంటే తర్వాత ఎన్ని గంటలు ఫర్నేస్‌లో పెట్టినా ఆ లోపం పోదు.

ఫర్నేస్ 1250 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మన జాబ్ షాపుల్లో ఎక్కువగా కనిపించే కె-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగల జత) ఈ వేడిలో దాని హద్దు అంచున ఉంటుంది, మెల్లగా తప్పు చూపించడం మొదలుపెడుతుంది. ఎస్-టైప్ వేసుకోండి. ఇంకో మాట, థర్మోకపుల్ గోడ పక్కన ఉంటే అది చూపేది గోడ వేడి. డమ్మీ ముక్క ఒకటి తీసుకుని, నడిమికి రంధ్రం చేసి, లోపల రెండో థర్మోకపుల్ పెట్టి కనీసం ఒక్కసారైనా రెండు రీడింగులూ పక్కపక్కన రాసుకోండి. గూడూరు నుంచి వచ్చిన ఆపరేటర్ ఒకాయన ఇదంతా చూసి, "డిస్‌ప్లే కరెక్టుగానే ఉండాదిగదన్నా, మళ్ళా ఇదేంది?" అన్నాడు. తలుపు దగ్గరి ముక్కకూ వెనక గోడ దగ్గరి ముక్కకూ మధ్య తేడా కాగితం మీద పడ్డాక ఆయనే డమ్మీ ముక్క తీసి సొరుగులో దాచిపెట్టుకున్నాడు.

ముక్కలు పెట్టే పళ్ళెం అల్యూమినా సిరామిక్‌ది అయితే మేలు. అల్నికో పోత పెళుసు. చల్లటి ముక్కను నేరుగా 1250లోకి తోస్తే చిట్లుతుంది. మెల్లగా వేడెక్కించండి.

రెండో మెట్టు: సొల్యూషన్ ట్రీట్‌మెంట్

1250 డిగ్రీల దగ్గర, ముక్క నడిమి భాగం కూడా ఆ వేడికి చేరాక, పావుగంట నుంచి అరగంట ఉంచితే చిన్న ముక్కలకు సరిపోతుంది. ఉద్దేశం ఒక్కటే: అంతకు ముందు పోతలో ఏర్పడిన దశలన్నీ కరిగిపోయి ఒకే ఆల్ఫాగా మారాలి.

తీసేటప్పుడే అసలు టెన్షన్. సుమారు 1200 నుంచి 900 డిగ్రీల మధ్య గామా దశ పొంచి ఉంటుంది. ముక్క ఆ దారిలో తీరిగ్గా దిగితే గామా పుట్టేస్తుంది. ఇక మళ్ళీ సొల్యూషన్ ట్రీట్‌మెంట్ నుంచి మొదలుపెడితే తప్ప, ఆ తర్వాత మీరు చేసే ఏ ట్రీట్‌మెంటూ కోయర్సివిటీని తిరిగి తేలేదు. తలుపు తీసి, పటకారుతో పట్టి, పక్కనే ఉన్న అయస్కాంత కాయిల్‌లోకి చేర్చేదాకా అన్నీ ముందే చూసుకుని ఉండాలి. పసుపు రంగులో మెరిసే ముక్క బయటికి రాగానే అంచులు ముందు నల్లబడతాయి, మధ్యలో ఎరుపు ఇంకా ఉంటుంది. లావు ముక్కల్లో ఆ తేడాయే చెబుతుంది, నడిమి భాగం వెనకబడిందని. అలాంటి ముక్కలకు ఫ్యాను గాలి తగిలించాల్సి వస్తుంది. నీళ్ళలో మాత్రం ముంచొద్దు, పగిలిపోతుంది.

పోతలో కాస్త సిలికాన్ ఉంటే గామా కొంత వెనక్కి తగ్గుతుంది. ఫౌండ్రీతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి అడగండి.

కరెంటు కోత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఫర్నేస్ 1250 దగ్గరున్నప్పుడు కరెంటు పోయి, ముక్కలు లోపలే చల్లారితే, అవన్నీ గామా దారిలో నెమ్మదిగా దిగినట్టే. మళ్ళీ మొదటి నుంచి సొల్యూషన్ ట్రీట్‌మెంట్ చెయ్యాలి. అదృష్టవశాత్తూ అల్నికోను అలా తిరిగి చెయ్యడానికి అడ్డేమీ లేదు. ఖర్చు మాత్రమే.

మూడో మెట్టు: అయస్కాంత క్షేత్రంలో చల్లార్చడం

ఈ గైడ్‌లో ఎక్కువ శ్రద్ధ పెట్టి చదవాల్సింది ఇదే. 1938లో బ్రిటన్‌లో ఆలివర్, షెడెన్ అల్నికోను అయస్కాంత క్షేత్రంలో చల్లారిస్తే బలం పెరుగుతుందని చూపించారు. కారణం ఇప్పుడు తేలిగ్గానే అర్థమవుతుంది. అల్నికో 5 క్యూరీ ఉష్ణోగ్రత (దాటితే అయస్కాంతత్వం పోయే వేడి) 860 డిగ్రీల దగ్గర. కడ్డీలుగా విడిపోవడం మొదలయ్యేది అంతకు కాస్త కింద. అంటే విడిపోయే క్షణానికి లోహం అప్పటికే అయస్కాంతంగా ఉంది, కాబట్టి బయటి క్షేత్రం చెప్పిన దిక్కుకే కడ్డీలు పొడుగవుతాయి. కోబాల్ట్ లేని అల్నికో 3కి క్యూరీ ఉష్ణోగ్రత తక్కువ. విడిపోయేటప్పటికి అది అయస్కాంతం కాదు, అందుకే దానికి ఎంత క్షేత్రం పెట్టినా దండగ. కోబాల్ట్‌కు అంత డబ్బు పోసేది ఇందుకే.

కావాల్సిన క్షేత్రం కనీసం 1,000 ఓర్‌స్టెడ్‌లు, 1,500 దాటితే ధైర్యంగా ఉండొచ్చు. 30 సెంటీమీటర్ల పొడవున్న కాయిల్‌లో 600 చుట్లు చుట్టి 60 ఆంపియర్లు పంపితే సుమారు 1,500 వస్తుంది. ఆ కరెంటుకు రాగి గొట్టంతో చుట్టి లోపల నీళ్ళు తిప్పడమే మంచిది. చెన్నై మే నెలలో ట్యాంకు నీళ్ళే గోరువెచ్చగా ఉంటాయి, కూలింగ్ నీళ్ళ ప్రవాహం ఆ లెక్కన పెట్టుకోండి. ఇనుప యోక్ ఉన్న ఎలక్ట్రోమాగ్నెట్ కూడా వాడొచ్చు. అయితే పోల్ ముఖాలకు వేడి తగలకుండా చూడాలి, ఇనుము 770 డిగ్రీలు దాటితే దాని అయస్కాంతత్వమే పోతుంది.

పొట్టి ముక్కలతో ఒక చిక్కుంది. ప్రతి పొట్టి ముక్కా తన చివరల వల్ల తనకు తానే వ్యతిరేక క్షేత్రం పుట్టించుకుంటుంది, బయటి నుంచి మీరు పంపినదాన్ని కొంత తినేస్తుంది. ఉపాయం సులువు: ముక్కలను ఒకదాని వెనక ఒకటి, మొహానికి మొహం తగిలేలా వరసగా పేర్చి కాయిల్‌లో పెట్టండి. మొత్తం వరస ఒక పొడుగాటి కడ్డీలా ప్రవర్తిస్తుంది. వరసకు రెండు చివర్లా పనికిరాని ముక్కలు ఒక్కోటి పెడితే ఇంకా మంచిది. పట్టుకునే ఫిక్స్‌చర్ మామూలు స్టీలుది కాకూడదు, క్షేత్రాన్ని పక్కదారి పట్టిస్తుంది. అయస్కాంతానికి అంటుకోని 310 స్టెయిన్‌లెస్ లేదా సిరామిక్ వాడండి.

చల్లార్చే వేగం: 900 నుంచి 700 దాకా సెకనుకు సుమారు 1 డిగ్రీ. వేగం ఎక్కువైతే కడ్డీలు మరీ సన్నగా, సరిగా పొడుగవకుండా ఆగిపోతాయి. తక్కువైతే లావెక్కి కోయర్సివిటీ పడిపోతుంది. అంగుళం మందం కడ్డీ 900 దగ్గర ఊరికే గాలిలో వదిలితే సెకనుకు రెండు మూడు డిగ్రీల వేగంతో చల్లారుతుంది. కాబట్టి కాయిల్ లోపల సిరామిక్ ఫైబర్ గొట్టం ఒకటి పెట్టి, దాని మందంతో వేగాన్ని సర్దుకోవాలి. పెద్ద ముక్కకు పలచటి గొట్టం, చిన్నదానికి మందం. డమ్మీ ముక్కలోని థర్మోకపుల్‌తో ఒక్కో సైజుకూ ఒకసారి గ్రాఫ్ తీసి గోడకు అంటించుకుంటే మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఫైబర్ తేమ పీలుస్తుంది, వాడబోయే ముందు ఆరబెట్టండి.

క్షేత్రం 600 డిగ్రీల దాకా ఆన్‌లో ఉంచండి. తీసేముందు ముక్క మీద క్షేత్రం దిశను గుర్తు పెట్టండి. చూడటానికి చిన్న విషయమే గానీ, తర్వాత ముక్కను అడ్డంగా మాగ్నటైజ్ చేస్తే ఇంత శ్రమా వృథా.

అల్నికో 8 పద్ధతి కొంచెం వేరు. అందులో కోబాల్ట్ 35 శాతం దాకా, టైటానియం 5 శాతం దాకా ఉంటాయి. దాన్ని నిరంతరంగా చల్లార్చరు. 800 నుంచి 840 మధ్య ఆ మిశ్రమానికి సరిపోయే ఒక ఉష్ణోగ్రత దగ్గర, క్షేత్రంలో పది ఇరవై నిమిషాలు నిలకడగా ఉంచుతారు. కోయర్సివిటీ 1,600 ఓర్‌స్టెడ్‌ల దాకా వస్తుంది, అల్నికో 5లో అది 640 మాత్రమే. బదులుగా రెమనెన్స్ (బయటి క్షేత్రం తీసేశాక మిగిలే అయస్కాంతత్వం) 12,800 గాస్ నుంచి 8,200కి దిగుతుంది. ఆ నిలకడ ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తప్పినా ఫలితం కనిపిస్తుంది కాబట్టి, కొత్తవాళ్ళు దీంతో మొదలుపెట్టకపోవడమే మంచిది.

నాలుగో మెట్టు: టెంపరింగ్

క్షేత్రంలో చల్లార్చిన ముక్క ఇంకా పూర్తి మాగ్నెట్ కాదు. కడ్డీలు ఏర్పడ్డాయి గానీ మాతృకలో ఇనుము, కోబాల్ట్ ఇంకా మిగిలి ఉన్నాయి, కాబట్టి కడ్డీల మధ్య గోడ పలచన. 650 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు, తర్వాత 550 నుంచి 580 మధ్య పదిహేను గంటలు లేదా అంతకు మించి ఉంచితే ఆ మిగులు కడ్డీల్లోకి చేరిపోతుంది. ఆవకాయ ఊరినట్టే, ముక్కలూ కారమూ ముందే కలిపి ఉంటాయి గానీ సమయం గడిస్తేనే ఉప్పూ పులుపూ చేరాల్సిన చోటికి చేరతాయి. ఇంత తక్కువ వేడిలో అణువులు దూరం పోలేవు, అందువల్ల కడ్డీ ఆకారం చెడదు. రెండింటి మధ్య తేడా మాత్రమే పెరుగుతుంది. ఈ దశలో క్షేత్రం అక్కర్లేదు.

రెండో ఉష్ణోగ్రతను తీసేసి 650 దగ్గరే ఎక్కువసేపు ఉంచితే కరెంటు బిల్లు తగ్గుతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. ఒద్దు. కింది ఉష్ణోగ్రతలో ఒకదానిలో ఒకటి కరిగే హద్దు ఇంకా తగ్గుతుంది, విడిపోవడం అక్కడే పూర్తవుతుంది. రాత్రి మధ్యలో కరెంటు పోయినా ఇక్కడ భయం లేదు. ఫర్నేస్ మెల్లగా చల్లారుతుంది, వచ్చాక మిగిలిన గంటలు పూర్తి చేస్తే చాలు.

అయిదో మెట్టు: కొలిచి, తప్పెక్కడో పట్టుకోవడం

కొలవడానికి ముందు పూర్తిగా మాగ్నటైజ్ చెయ్యండి. అల్నికో 5కి కనీసం 3,000 ఓర్‌స్టెడ్‌లు కావాలి, అల్నికో 8కి అంతకు రెట్టింపుకు పైగా. సగం మాగ్నటైజ్ చేసి హీట్ ట్రీట్‌మెంట్ బాగాలేదని తీర్పు చెప్పడం చాలాచోట్ల జరిగే పొరపాటు. వీలైతే హిస్టరిసిస్ గ్రాఫ్ తీసే యంత్రంలో పూర్తి వక్రరేఖ తీయించండి. ఉత్తి గాస్ మీటరు ఉపరితలం మీద ఒక బిందువు సంగతే చెబుతుంది.

వక్రరేఖ చేతికొచ్చాక నేను చూసే వరస ఇది. రెమనెన్స్, కోయర్సివిటీ రెండూ పడిపోతే గామా మీద అనుమానం, అంటే 1200 నుంచి 900 దారిలో ఆలస్యమైంది. మళ్ళీ రెండో మెట్టుకు వెళ్ళాల్సిందే. రెమనెన్స్ బాగుండి కోయర్సివిటీ ఒక్కటే తక్కువుంటే ఆ ముక్కకే ఇంకోసారి టెంపరింగ్ ఇచ్చి చూడండి. పెరిగితే టెంపరింగ్ చాలలేదన్నమాట. కదలకపోతే క్షేత్రంలో చల్లార్చే వేగం తప్పింది. కోయర్సివిటీ పరవాలేదు, రెమనెన్స్ తక్కువ అయితే ముక్కను అడ్డంగా కూడా కొలవండి. రెండు దిశల్లోనూ విలువలు దగ్గరగా ఉంటే క్షేత్రం పని చెయ్యనట్టే. కాయిల్ ఆన్ అయ్యేలోపే ముక్క 800 కిందికి దిగిపోయి ఉండొచ్చు.

అల్నికోకు డ్రిల్లింగ్ పనికిరాదు, గ్రైండింగ్ ఒక్కటే దారి. ఇంకోటి, దీని కోయర్సివిటీ తక్కువ కాబట్టి విడి ముక్కగా మాగ్నటైజ్ చేసి పంపితే దారిలోనే బలం కోల్పోతుంది. అసెంబ్లీలో పెట్టాక మాగ్నటైజ్ చెయ్యమని కస్టమర్‌కు చెప్పండి, లేదా కీపర్ (రెండు ధ్రువాలనూ కలిపే ఇనుప ముక్క) పెట్టి పంపండి.

కొత్త యూనిట్‌కు నా సలహా: ఐరన్-క్రోమియం-కోబాల్ట్

1971లో జపాన్ శాస్త్రవేత్త కనెకో బృందం వెలుగులోకి తెచ్చిన ఈ మిశ్రమం కూడా అల్నికోలాగే స్పినోడల్ పద్ధతిలోనే పని చేస్తుంది. శక్తి కూడా అల్నికో 5 దరిదాపుల్లో ఉంటుంది. కానీ ఇందులో 25 నుంచి 30 శాతం దాకా క్రోమియం ఉండి, కోబాల్ట్ 10-15 శాతంతోనే సరిపోతుంది. అంతకంటే పెద్ద లాభం, సొల్యూషన్ ట్రీట్‌మెంట్ అయ్యాక ఇది మెత్తగా ఉంటుంది. తీగలా లాగొచ్చు, రేకులా రోల్ చెయ్యొచ్చు, మర కొట్టొచ్చు. ఆకారం పూర్తయ్యాక మాగ్నెట్‌గా మార్చొచ్చు. మన దగ్గర లేత్‌లకు కొదవ లేదు, అయస్కాంత పోతలు పోసే ఫౌండ్రీలే తక్కువ. కాబట్టి చెన్నై చిన్న యూనిట్‌కు ఇదే సరైన మొదలు అని నా అభిప్రాయం.

కాంపోజిషన్‌ను బట్టి 1100 నుంచి 1250 డిగ్రీల దగ్గర ఉంచి నీళ్ళలో ముంచాలి. నెమ్మదిగా చల్లారితే సిగ్మా అనే దశ వచ్చి గాజులా పెళుసవుతుంది. ఇక్కడ ఫర్నేస్ లోపల నింపే వాయువుగా నైట్రోజన్ వాడొద్దు. క్రోమియం దాన్ని వేడిలో పీల్చుకుంటుంది, నైట్రోజన్ గామాకు ఊతమిస్తుంది. ఆర్గాన్‌కే ఖర్చు పెట్టండి. తర్వాత సుమారు 640 డిగ్రీల దగ్గర క్షేత్రంలో ముప్పావుగంట, గంట. ఇది అల్నికో 5 కంటే 200 డిగ్రీలు తక్కువ కాబట్టి కాయిల్ కట్టడం తేలిక. ఆపైన క్షేత్రం లేకుండా 620, 600, 580, 560, 540 ఇలా మెట్లు దిగుతూ, కిందికి పోయేకొద్దీ ఎక్కువ సమయం ఇవ్వాలి. 620 దగ్గర గంట అయితే 540 దగ్గర నాలుగైదు గంటలు. ఈ మొదటి 640లో మూడు నాలుగు డిగ్రీల తేడా కూడా కోయర్సివిటీ మీద కనిపిస్తుంది. మంచి ప్రోగ్రామబుల్ కంట్రోలర్ మీద డబ్బు పెట్టాల్సింది ఇందుకే.

మాంగనీస్-అల్యూమినియం, ఇంకా ఆశగానే ఉన్నవి

కోబాల్ట్ కూడా వద్దనుకుంటే మాంగనీస్-అల్యూమినియం-కార్బన్ ఉంది. బరువులో సుమారు 70 శాతం మాంగనీస్, మిగతాది దాదాపు అంతా అల్యూమినియం, అర శాతం కార్బన్. ఇక్కడ కావాల్సింది టౌ అనే దశ, అది నిలకడలేనిది. 1100 డిగ్రీల దగ్గర ఉంచి నీళ్ళలో ముంచితే ఎప్సిలాన్ దశ నిలిచిపోతుంది, అది అయస్కాంతం కాదు. దాన్ని 500 నుంచి 550 మధ్య పది నుంచి ముప్పై నిమిషాలు ఉంచితే టౌగా మారుతుంది. ఎక్కువసేపు మరిచిపోతే అదీ విరిగిపోయి అయస్కాంతత్వం లేని రెండు దశలుగా మిగులుతుంది. కార్బన్ టౌను కాస్త కాపాడుతుంది గానీ క్యూరీ ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. జపాన్‌లో మత్సుషిత కంపెనీ 1970లలో దీన్ని 700 డిగ్రీల దగ్గర ఎక్స్‌ట్రూడ్ చేసి (అచ్చు రంధ్రంలోంచి ఒత్తి తోసి) 7 మెగా గాస్ ఓర్‌స్టెడ్‌ల దాకా తెచ్చింది. ఎక్స్‌ట్రూషన్ ప్రెస్ లేకుండా ఆ అంకె ఆశించొద్దు. మాంగనీస్ వేడికి ఆవిరైపోతుంది కాబట్టి ఆర్గాన్ నింపి మూసిన గొట్టంలోనే చెయ్యాలి.

మాంగనీస్-బిస్మత్ వింతది, వేడెక్కేకొద్దీ కొంత దూరం దాకా దాని కోయర్సివిటీ పెరుగుతుంది. కానీ బిస్మత్ 271 డిగ్రీలకే కరిగిపోతుంది, కావాల్సిన దశ 355 దాటితే చెడిపోతుంది. ఉన్న చోటు ఇరుకు. పైగా చెన్నై తేమలో దాని పొడి త్వరగా పాడవుతుంది. తరమణిలో ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్‌లో ఉన్న ఏఆర్‌సీఐ (హైదరాబాద్‌లోని పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల పరిశోధన సంస్థ) ఆటోమోటివ్ ఎనర్జీ మెటీరియల్స్ కేంద్రం లాంటి చోట్ల అయస్కాంత పదార్థాల మీద పని జరుగుతోంది. ఇలాంటివి చెయ్యాలనుకునేవాళ్ళు ముందు అలాంటి ప్రయోగశాలల తలుపు తట్టడం మేలు.

ఇక ఉల్కల్లో దొరికే ఇనుము-నికెల్ టెట్రాటేనైట్ గురించి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందులో ఇనుము, నికెల్ పొరలు పొరలుగా క్రమంగా సర్దుకుని ఉంటాయి. ఆ క్రమం 320 డిగ్రీల కిందే నిలుస్తుంది, ఆ వేడిలో అణువులు దాదాపు కదలవు. ఉల్కలు లక్షల ఏళ్ళకు కొద్ది డిగ్రీల చొప్పున చల్లారాయి కాబట్టి వాటికి కుదిరింది. 1960లలో ఫ్రాన్స్‌లో న్యూట్రాన్లతో కొట్టి ఆ క్రమాన్ని తెప్పించారు. మన ఫర్నేస్‌లో దానికి షెడ్యూలు రాసివ్వగలనని ఎవరైనా అంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు శాంపిల్ వక్రరేఖ చూపించమనండి.